విశాఖపట్నంలో న్యాయ చికిత్సా మనస్తత్వశాస్త్రం

నిందితుడి మనఃస్థితి, బాధితులకు కలిగిన మానసిక హాని, సాక్షి జ్ఞాపకశక్తి వంటి విషయాలలో న్యాయస్థానానికి కలిగే సందేహాలను, చికిత్సారంగంలో శిక్షణ పొందిన మనస్తత్వవేత్త శాస్త్రీయంగా పరీక్షించి నివేదిక ఇచ్చే శాస్త్రశాఖను న్యాయ చికిత్సా మనస్తత్వశాస్త్రం అంటారు. ఈ పని చేసేవారిని వాడుకలో ఫోరెన్సిక్ సైకాలజిస్టులని పిలుస్తున్నా, భారతీయ చట్టాలలో కనిపించే పేరు క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాసే మానసిక వైద్యులు, అంటే సైకియాట్రిస్టులు, వైద్యవిద్య నుంచి వస్తారు. క్లినికల్ సైకాలజిస్టులు మనస్తత్వశాస్త్రంలో స్నాతకోత్తర విద్య ముగించి, ఆసుపత్రి వార్డులలో రెండేళ్ళ ఎం.ఫిల్. శిక్షణ పొంది, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకుంటారు. వ్యాధి నిర్ణయంలోనూ చికిత్సలోనూ ఈ రెండు వృత్తుల పని చాలావరకు కలిసే ఉంటుంది కాని, బుద్ధి, జ్ఞాపకం, వ్యక్తిత్వం, వ్యాధి నటన వంటివాటిని ప్రామాణిక పరీక్షలతో కొలిచే బాధ్యత సైకాలజిస్టుది.

ఈ శాఖను పరిశీలించడానికి తెలుగు నేలపై విశాఖపట్నం తగిన చోటు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, అది అనుబంధంగా ఉన్న, 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆరిలోవ వద్ద కేంద్ర కారాగారం, సబ్బవరంలో 2008 నాటి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఒకదానికొకటి గంట ప్రయాణంలో ఉన్నాయి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, నౌకాదళ స్థావరం పలు భాషల జనాన్ని ఇక్కడికి రప్పించగా, పాడేరు, అరకు ప్రాంతాల మన్యం నగరానికి వెనుక గుమ్మంలోనే ఉంది. కోర్టు నుంచి పరీక్షకు వచ్చే కేసులలో ఈ నేపథ్యాలన్నీ ప్రతిఫలిస్తాయి.

చారిత్రక నేపథ్యం

బ్రిటిషు ప్రభుత్వం 1858లో మానసిక రోగుల ఆశ్రమాల చట్టం తెచ్చిన తరువాత మద్రాసు రాజధానిలో మద్రాసు, కాలికట్‌లతో పాటు వాల్తేరులోనూ అలాంటి ఆశ్రమం వెలిసింది. ఆ కాలపు దృష్టిలో అది చికిత్సాలయం కంటే కాపలా గృహమే. జైలులో ఉంచలేనివారిని, వీధిలో వదలలేనివారిని ఒకే ప్రహరీ లోపల ఉంచేవారు. 1912 నాటి చట్టం, 1987లో రూపొంది 1993లో అమలైన మానసిక ఆరోగ్య చట్టం, 2017లో ఆమోదం పొంది 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ దృష్టిని దఫదఫాలుగా మార్చుకుంటూ వచ్చాయి. కాపలా చట్టాల కాలంలో రోగి విషయంలో నిర్ణయమంతా ఇతరులదే కాగా, 2017 చట్టం రోగిని హక్కులున్న పౌరుడిగా గుర్తించింది. 2014లో రాష్ట్ర విభజనతో హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల తెలంగాణ పరిధిలోకి పోవడంతో, అనంతపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఆంధ్రప్రదేశ్ కోర్టులకు చినవాల్తేరు ఆసుపత్రే ప్రధానమైన ఆధారమైంది.

ప్రపంచంలో ఈ విద్య రెండు పాయలుగా పుట్టింది. లైట్నర్ విట్మర్ 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలి మానసిక చికిత్సాలయం తెరవడం ఒక పాయ అయితే, సాక్షుల జ్ఞాపకం ఎంత తేలికగా దారి తప్పుతుందో వివరిస్తూ హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1908లో గ్రంథం ప్రకటించడం రెండోది. అయినా మానసిక వ్యాధిపై సాక్ష్యం చెప్పే అర్హత వైద్యులకే ఉందన్న వాదన చాలాకాలం నిలిచింది. 1962లో జెన్‌కిన్స్ కేసులో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు, తగిన శిక్షణ ఉన్న మనస్తత్వవేత్తను నిపుణుడిగా అంగీకరించవచ్చని చెప్పింది. భారతదేశంలో ఈ గుర్తింపు చట్టంలోకి రావడానికి 2008 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సవరణ దాకా ఆగవలసివచ్చింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర పరిశోధన నడిచిన దారి ప్రత్యేకమైనది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్‌తో కలిసి పనిచేసిన కోనేరు రామకృష్ణారావు 1967లో ఇక్కడ పరామనస్తత్వ శాస్త్ర శాఖను స్థాపించారు. తరువాత అది మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల శాఖగా రూపొందింది. అతీంద్రియ జ్ఞానం ఉందా లేదా అన్న వివాదం ఎలా ఉన్నా, యాదృచ్ఛికంగా వచ్చే ఫలితం ఎంత, దాన్ని దాటి వచ్చే ఫలితం ఎంత అని గణాంకాలతో లెక్కకట్టే క్రమశిక్షణ ఆ పరిశోధనకు ప్రాణం. వ్యాధి నటనను పట్టుకునే పరీక్షలకు కూడా సరిగ్గా ఆ లెక్కే పునాది కావడం గమనించదగ్గది.

మూడు కాలాల ప్రశ్న

ఆసుపత్రికి తమంతట తాము వచ్చినవారి విషయంలో ప్రశ్న ఒక్కటే: జబ్బు ఏమిటి, తగ్గేదెలా? కోర్టు పంపినవారి విషయంలో ప్రశ్న కాలాన్ని బట్టి మూడు విధాలుగా చీలుతుంది. నేరం జరిగిన క్షణంలో ఆ వ్యక్తి మనసు ఎలా ఉంది అన్నది మొదటిది. ఇప్పుడు విచారణను అర్థం చేసుకొని తన తరఫు వాదన చెప్పుకోగలడా అన్నది రెండోది. ఇకముందు విడిచిపెడితే ప్రమాదమా అన్నది మూడోది. ఒకే మనిషికి ఈ మూడింటికీ మూడు వేర్వేరు సమాధానాలు ఉండవచ్చు. దినపత్రికలే కాదు, కొన్నిసార్లు న్యాయవాదులు సైతం ఈ మూడింటినీ కలగలిపి “మతిస్థిమితం” అన్న ఒక్క మాటలో పెట్టేయడమే ఈ రంగంలో జరిగే అత్యధిక పొరపాట్లకు కారణం.

మొదటి ప్రశ్నకు చట్టబద్ధమైన మూలం 1843 నాటి ఇంగ్లండులో ఉంది. ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపిన డేనియల్ మెక్‌నాటన్ నిర్దోషిగా బయటపడిన తరువాత న్యాయమూర్తులు రూపొందించిన సూత్రమే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. చేస్తున్న పని స్వభావం గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అన్న సంగతి గాని తెలుసుకోలేనంతగా ఆ క్షణంలో మనసు చెదిరి ఉంటేనే ఈ రక్షణ వర్తిస్తుంది. స్కిజోఫ్రీనియా ఉందని వైద్యులు ధ్రువీకరించినంత మాత్రాన సరిపోదని, వైద్యపరమైన మతిభ్రంశం వేరు, చట్టపరమైన మతిభ్రంశం వేరని సుప్రీంకోర్టు 2011లో సురేంద్ర మిశ్రా కేసులో మళ్ళీ స్పష్టం చేసింది. రుజువు భారం నిందితుడిదే అయినా, ప్రాసిక్యూషన్ మోయవలసినంత బరువు అతనిపై లేదని 1964లోనే దాహ్యాభాయ్ ఠక్కర్ కేసు తీర్పు చెప్పింది. నేరానికి ముందు, నేర సమయంలో, ఆ తరువాత అతని ప్రవర్తన ఎలా ఉందో చూడాలన్న ఆ తీర్పు సూచనే నేటికీ పరీక్షకు మార్గదర్శి.

రెండో ప్రశ్న, అంటే విచారణకు తగిన మానసిక సామర్థ్యం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 367 నుంచి 378 వరకు ఉన్న సెక్షన్ల పరిధిలోకి వస్తుంది. నిందితుడికి మనఃస్థితి సరిగా లేదని సివిల్ సర్జన్ భావిస్తే సైకియాట్రిస్టుకు గాని క్లినికల్ సైకాలజిస్టుకు గాని పంపాలి. వారి అభిప్రాయం నచ్చనివారు, సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాధిపతి, సమీప వైద్య కళాశాలలో ఆ విభాగపు అధ్యాపకుడు సభ్యులుగా ఉండే వైద్య మండలికి అప్పీలు చేసుకోవచ్చు. విశాఖలో ఈ రెండు హోదాలూ ఆచరణలో ఆంధ్ర వైద్య కళాశాల వ్యవస్థ వైపే చూపుతాయి. జడ్జి ఎవరు, ప్లీడరు ఎవరు, తనపై వచ్చిన ఆరోపణ ఏమిటి, నేరం ఒప్పుకుంటే ఏమవుతుంది అన్న సంగతులు నిందితుడికి అర్థమవుతున్నాయా అని ఇక్కడ చూస్తారు. నేరం రోజున పూర్తిగా భ్రమలో ఉన్న మనిషి ఆరు నెలల మందులతో విచారణకు తగినవాడు కావచ్చు. అంతమాత్రాన ఆనాడు కూడా బాగానే ఉన్నాడని అనుకోవడం అన్యాయం. మంచి నివేదిక ఈ తేడాను మొదటి పేజీలోనే విడదీసి చెబుతుంది.

పరీక్ష జరిగే తీరు

మెజిస్ట్రేటు ఉత్తర్వుతో, ఎస్కార్టు పోలీసులతో వచ్చిన వ్యక్తిని పరిశీలన కోసం ఆసుపత్రిలో ఉంచుకోవడానికి 2017 చట్టంలోని 102వ సెక్షన్ 10 రోజుల గరిష్ఠ గడువు ఇచ్చింది. ఆ రోజులలో వార్డు నర్సు కేస్ షీటులో రాసే రెండు మూడు పంక్తులు, అంటే రాత్రి నిద్ర పట్టిందా, అన్నం ఎవరు పెడితే తిన్నాడు, ఒంటరిగా ఉన్నప్పుడు పెదవులు కదుపుతున్నాడా, డాక్టరు కనబడగానే ప్రవర్తన మారుతోందా అన్నవి, చాలాసార్లు ఖరీదైన పరీక్షల కంటే విలువైనవి. ఎందుకంటే గంటసేపు నటించడం సాధ్యమే కాని, రాత్రింబవళ్ళు నటించడం కష్టం.

సైకాలజిస్టు మొదట చేయవలసిన పని ఒక హెచ్చరిక. తాను వైద్యం చేయడానికి కాక కోర్టుకు నివేదిక రాయడానికి వచ్చానని, ఇక్కడ చెప్పిన మాటలు రహస్యంగా ఉండవని ఎదుటి మనిషికి తెలిసే భాషలో చెప్పాలి. చికిత్స చేసేవారే నివేదిక రాయడం ఈ కారణంగానే మంచిది కాదు. సిబ్బంది కొరత ఉన్నచోట ఆ రెండు పనులూ ఒకరి మీదే పడడం ఈ వృత్తిలోని నైతిక సమస్యలలో చాలా బరువైనది. తరువాత ఎఫ్ఐఆర్, అరెస్టు సమయపు వైద్య పరీక్ష పత్రం, సాక్షుల వాంగ్మూలాలు, పాత మందుల చీటీలు చదివి, తల్లిదండ్రులనో భార్యనో విడిగా కలిసి, నేరానికి ముందు వారాల జీవితాన్ని రోజువారీగా పేర్చుకుంటారు.

ఇక కొలతల సంగతి. బడి మొహం చూడనివారి బుద్ధిని కొలవడానికి సి.ఎం. భాటియా భారతీయ పరిస్థితుల కోసం 1955లో ప్రకటించిన పరీక్షల మాల ఇప్పటికీ వాడుకలో ఉంది. రంగు దిమ్మెలు పేర్చడం, పలకలను జరిపి గమ్యానికి చేర్చడం, గీతల నమూనాలు గీయడం, విన్నదాన్ని వెంటనే అప్పజెప్పడం, ముక్కలు కలిపి బొమ్మ తయారుచేయడం అందులోని ఐదు భాగాలు. వ్యక్తిత్వాన్ని కొలిచే మిన్నెసోటా ప్రశ్నావళి చదవను రానివారికి పనికిరాదు. 1921 నాటి రోర్షా సిరామరకల పరీక్ష భారతదేశంలో ఎంతో ప్రచారంలో ఉన్నా, దాని ఫలితం ఒక్కదాని మీద న్యాయ నిర్ణయాన్ని నిలబెట్టడం సమర్థనీయం కాదు. తీవ్ర మానసిక వ్యాధి వల్ల కలిగే వైకల్యాన్ని ఇండియన్ డిజెబిలిటీ ఎవాల్యుయేషన్ అండ్ అసెస్‌మెంట్ స్కేల్ అనే భారతీయ కొలమానంతో లెక్కగడతారు.

కొలతలకు మించిన సమస్య సంస్కృతిది. గ్రామదేవత జాతరలో పూనకం వచ్చి ఊగిపోయే మనిషి తనలోకి అమ్మవారు వచ్చిందని అంటే, ఆ ఊరి వారందరికీ అది అర్థమయ్యే అనుభవమే కనుక అదొక్కటే వ్యాధి లక్షణం కాదు. అదే మాట జాతర ముగిసినా విడవకుండా, ఊరివారికే కొత్తగా తోచేటట్లు, తిండీ నిద్రా మానేసి అంటే ఆలోచించాలి. మన్యంలో, దాని అంచు గ్రామాల్లో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టాడన్న అనుమానంతో జరిగే హత్యలు ఈ గీతను మరింత క్లిష్టం చేస్తాయి. చేతబడి మీద ఊరంతటికీ ఉన్న నమ్మకం భ్రమ కాదు కనుక 22వ సెక్షన్ రక్షణ ఇవ్వదు. కాని పక్కింటివాడు గోడలోంచి తన ఆలోచనలు లాగేసుకుంటున్నాడన్న నమ్మకం అదే చిల్లంగి మాటల్లో బయటపడవచ్చు. ఈ తేడాను ఆ ప్రాంతపు మాట, నడవడి తెలిసినవారే పట్టగలరు. ఆదివాసీ భాష కువి మాత్రమే ధారాళంగా మాట్లాడే నిందితుణ్ణి దుబాసీ సాయంతో తెలుగు పరీక్షలో కూర్చోబెట్టి, తక్కువ మార్కులు వచ్చాయని బుద్ధిమాంద్యం రాయడం పరీక్ష అనిపించుకోదు.

2021 జనవరిలో చిత్తూరు జిల్లా మదనపల్లెలో చదువుకున్న తల్లిదండ్రులే తమ ఇద్దరు కుమార్తెలను, వారు తిరిగి బతుకుతారన్న నమ్మకంతో చంపారన్న ఆరోపణపై నమోదైన కేసు ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్కసారిగా ముందుకు తెచ్చింది. నిందితులను తిరుపతి వైద్యులు పరీక్షించిన తరువాత విశాఖపట్నం మానసిక వైద్యశాలకు తరలించారు. ఒకరి భ్రమను దగ్గరి బంధువు కూడా నమ్మి పంచుకునే స్థితిని గూర్చి, అంటే ఉమ్మడి భ్రమ అనే లక్షణాన్ని గూర్చి, అప్పుడు పత్రికలలో విస్తృతంగా చర్చ జరిగింది. అలాంటి స్థితిలో ఇద్దరినీ వేరుచేసి ఉంచితే, భ్రమను అరువు తెచ్చుకున్న వ్యక్తిలో అది సడలిపోయే అవకాశం ఉంటుంది. అందుకే విడివిడి పరిశీలన చికిత్సకూ సాక్ష్యానికీ కూడా అవసరం. రాయలసీమ నుంచి సముద్రతీరపు చివరిదాకా రోగిని తీసుకురావలసిన ఈ దూరమే, నేర సమయానికీ పరీక్ష సమయానికీ మధ్య ఎడం ఎలా పెరుగుతుందో చూపుతుంది.

నటనను గుర్తించడం

శిక్ష తప్పించుకోవడానికి పిచ్చి నటించేవారుంటారన్న అనుమానం కోర్టులలో సహజం. జర్మనీ మనోవైద్యుడు గాన్సర్, ఖైదీలలో తాను చూసిన ఒక స్థితిని 1898లో వర్ణించాడు. రెండు రెళ్ళు ఐదంటారు, ఆవుకు మూడు కాళ్ళంటారు. సరైన జవాబుకు పక్క జవాబే ఎంచుకుంటున్నారంటే ప్రశ్న అర్థమైందనే లెక్క. ఇది నటనా, వ్యాధా అన్న చర్చ నేటికీ ముగియలేదు. ఆధునిక పరీక్షలలో 1996లో టామ్‌బా రూపొందించిన జ్ఞాపక నటన పరీక్ష ప్రసిద్ధమైనది. 50 బొమ్మలు చూపించి, తరువాత ఒక్కోసారి రెండేసి బొమ్మలు పెట్టి, ఇందాక చూసింది ఏదో చెప్పమంటారు. ఏమీ గుర్తులేని మనిషి గుడ్డిగా చెప్పినా సుమారు 25 సరిపోతాయి. అంతకంటే బాగా తక్కువ వచ్చిందంటే సరైన జవాబు తెలిసి కావాలని తప్పు చెబుతున్నట్టు బలమైన సూచన. అయితే నటించడం, జబ్బు ఉండడం పరస్పర విరుద్ధాలు కావు. నిజంగా జబ్బున్న మనిషి భయంతో లక్షణాలను పెంచి చెప్పడం తరచు జరిగేదే కనుక, “నటిస్తున్నాడు” అన్న ఒక్క వాక్యంతో నివేదిక ముగించడం అశాస్త్రీయం.

గంజాయి, మత్తు, బాధ్యత

ఆరిలోవ కారాగారంలో గంజాయి రవాణా కేసుల రిమాండు ఖైదీలు పెద్ద సంఖ్యలో ఉండడం విశాఖ ప్రత్యేకత. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి 1 కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మన్యం నుంచి మూటలు మోసే కూలీ ఎక్కువగా రెండో వర్గంలో చిక్కుకుంటాడు. గంజాయి అధికంగా వాడేవారిలో కొందరికి భ్రమలు, అనుమానాలు పుడతాయి. వాడకం మానిన తరువాత అవి రోజులలో తగ్గిపోతే మత్తు వల్ల వచ్చినవని, నెలల తరబడి నిలిస్తే అంతర్గత వ్యాధిగా పరిణమించాయని భావిస్తారు. చట్టానికి ఈ తేడా కీలకం. తనంతట తాను మత్తు పుచ్చుకున్నవాడికి న్యాయ సంహిత 23వ సెక్షన్ రక్షణ ఇవ్వదు, మరొకరు బలవంతంగా గాని తెలియకుండా గాని పుచ్చుకునేలా చేస్తేనే ఇస్తుంది. చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుణ్ణి శిక్షకు బదులు చికిత్సకు పంపడానికి మాదకద్రవ్యాల చట్టం 39వ సెక్షన్ వీలు కల్పిస్తున్నా, అందుకు వ్యసన నిర్ధారణ నివేదిక కావాలి. సైకాలజిస్టు చేతి పని ఒక యువకుడి జీవితాన్ని నేరుగా మార్చగల చోటు ఇది. ఈ సెక్షన్‌ను న్యాయవాదులు మరింతగా అడగవలసి ఉంది.

ఖైదీల మానసిక ఆరోగ్యంపై దక్షిణ భారతంలో జరిగిన పెద్ద అధ్యయనం బెంగుళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారిది. పరప్పన అగ్రహార కారాగారంలో 5,024 మందిని పరీక్షించి 2011లో వెలువరించిన ఆ అధ్యయనంలో, మత్తు వ్యసనాలతో కలిపి 79.6 శాతం మందికి, వ్యసనాలను మినహాయిస్తే 27.6 శాతం మందికి మానసిక సమస్యలున్నట్లు తేలింది. ఈ రెండు అంకెల మధ్య దూరమే జైలులో మత్తు సమస్య ఎంతటిదో చెబుతుంది. రాష్ట్రానికి కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2017 చట్టం 103వ సెక్షన్ విధించింది.

పిల్లలు

బాలల న్యాయ చట్టం, 2015లోని 15వ సెక్షన్ ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ మధ్య వయసువారు ఘోర నేరం చేశారని ఆరోపణ వస్తే, ఆ పని చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, పరిస్థితులు ఎలాంటివో బాలల న్యాయ మండలి అంచనా వేయాలి. బాలుణ్ణి పెద్దలతో సమానంగా విచారించాలా అన్నది దీని మీద ఆధారపడి ఉంటుంది. మండలిలో పిల్లల మనస్తత్వంలో లేదా మనోవైద్యంలో అర్హత ఉన్న సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 జులైలో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో నిర్దేశించింది. ఈ అంచనా బుద్ధి పరీక్ష మార్కులతో తేలేది కాదు. పదిహేడేళ్ళ కుర్రాడికి తప్పొప్పులు తెలిసినా, తోటివారి ముందు వెనక్కు తగ్గే నిగ్రహం ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండకపోవచ్చు.

లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో, 2012 నాటి పోక్సో చట్టం నిపుణుల సహాయానికి చోటిచ్చింది. ఇక్కడ పని అంతా ప్రశ్న అడిగే తీరులో ఉంది. “మావయ్య నిన్ను పట్టుకున్నాడు కదా?” అని అడిగితే పెద్దలను కాదనలేని పాప తలూపుతుంది. “ఆ తరువాత ఏమైందమ్మా?” అని అడిగితే తన మాటల్లో చెబుతుంది. తెలుగిళ్ళలో పిల్లలు పక్కవాటా వాళ్ళను, ఆటో నడిపేవారిని కూడా మావయ్య, అన్నయ్య, తాతయ్య అనే పిలుస్తారు కాబట్టి, ఏ మావయ్య, ఎక్కడుంటాడు, ఎప్పుడొస్తాడు అని పేరు సూచించకుండా విడదీసి రాబట్టడం తొలి వాంగ్మూలంలోనే జరగాలి. ఒకే సంగతిని పోలీసులు, వైద్యులు, బంధువులు పదేపదే అడిగిన కొద్దీ పాప జ్ఞాపకంలో అడిగినవారి మాటలు కలిసిపోతాయి. డిఫెన్సు న్యాయవాది కేసును పడగొట్టేది అక్కడే.

పారిశ్రామిక నగరంలో మానసిక గాయం

న్యాయ మనస్తత్వశాస్త్రం అనగానే హత్య కేసులే గుర్తుకొచ్చినా, విశాఖ వంటి నగరంలో నష్టపరిహారం కూడా దాని పరిధిలోని పెద్ద భాగం. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో గ్యాసు అంటుకొని సుమారు 60 మంది మరణించారు. 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ విభాగపు పేలుడు జరిగింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి వ్యాపించి 12 మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల నుంచి బతికినవారికి ఆ దృశ్యం పదేపదే కళ్ళముందు మెదలడం, ఘాటు వాసన తగిలితే గుండెదడ, నిద్రలో ఉలికిపాటు, ఆ దారిన వెళ్ళలేకపోవడం నెలకు మించి కొనసాగితే దాన్ని ఆఘాతానంతర ఒత్తిడి వ్యాధిగా పరిగణిస్తారు. ఊపిరితిత్తుల హాని ఎక్స్‌రేలో, కాలిన గాయం కంటికి కనిపిస్తాయి. దీన్ని మాత్రం ఓపికగా అడిగి, కొలిచి, ప్రమాదానికి ముందున్న జీవితంతో పోల్చి చూపితే తప్ప లెక్కలోకి రాదు. ఉత్తరాంధ్ర పల్లెవాసి తన బాధను భయం అనడు. నరాల బలహీనత అనో, తలలో వేడి అనో, ఒంట్లో సత్తువ లేదనో అంటాడు. ఆ మాటలు పట్టుకోలేని ప్రశ్నావళి అతనికి ఏ ఇబ్బందీ లేదని తేల్చేస్తుంది, పరిహారం పోతుంది. నివేదిక అవసరం మృతుల సంఖ్యతో ముగిసిపోదని, బతికినవారికి ఏడాది తరువాత మళ్ళీ పరీక్ష జరగాలని ఈ రంగపు అనుభవం చెబుతోంది.

కుటుంబ న్యాయస్థానాలలో ఎదురయ్యే ప్రశ్నలు వేరు. విడాకులకు స్కిజోఫ్రీనియా అన్న పేరు ఒక్కటే చాలదు, కలిసి కాపురం చేయలేనంత తీవ్రత నిరూపించాలి అని 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసు తేల్చింది. పెళ్ళికి ముందు దాచారన్న ఆరోపణతో పాత మందుల చీటీలు కోర్టుకు వచ్చే కేసులలో స్త్రీలకు జరిగే అన్యాయాన్ని ఆ తీర్పు కొంతవరకు అడ్డుకుంది.

నిజాన్ని వెలికితీసే యంత్రాలు

అబద్ధాన్ని పసిగట్టే యంత్రం, మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం, మెదడు విద్యుత్ తరంగాలలో అనుభవ జ్ఞాపకాన్ని వెతకడం భారతీయ దర్యాప్తులో ఒకప్పుడు విరివిగా వినిపించాయి. మూడోదాన్ని రూపొందించినది నిమ్హాన్స్‌లో పనిచేసిన క్లినికల్ సైకాలజిస్టు సి.ఆర్. ముకుందన్. 2008లో పూనా సెషన్స్ కోర్టు ఆ పరీక్షను సాక్ష్యంగా తీసుకుంది. అదే సంవత్సరం నిమ్హాన్స్ సంచాలకుడు డి. నాగరాజ నాయకత్వంలోని సంఘం దానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి సమ్మతి లేకుండా ఈ మూడు పరీక్షలలో ఏదీ జరపరాదని, అలా చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణలకు విరుద్ధమని తీర్పునిచ్చింది. మనస్తత్వవేత్త పని నేరం ఎవరు చేశారో చెప్పడం కాదన్న హద్దును ఆ తీర్పు గట్టిగా గీసింది. ఆ హద్దు దాటాలని దర్యాప్తు సంస్థల నుంచి వచ్చే ఒత్తిడి ఆ తరువాతా పూర్తిగా ఆగలేదు.

నిర్బంధం, విడుదల

మూడో కాలపు ప్రశ్న, అంటే విడుదల, ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనది. అస్సాంలో 1951లో అరెస్టయిన మచాంగ్ లలుంగ్, విచారణే లేకుండా అర్ధశతాబ్దానికి పైగా నిర్బంధంలో ఉండి 2005లో బయటికి వచ్చిన తరువాత, మనఃస్థితి సరిగా లేని విచారణ ఖైదీల కేసులను ఎప్పటికప్పుడు సమీక్షించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రమాద అంచనాకు ప్రపంచంలో ఎక్కువగా వాడే హెచ్‌సీఆర్-20 అనే సాధనంలో గతానికి చెందిన 10, ప్రస్తుత స్థితికి చెందిన 5, భవిష్యత్ పరిస్థితులకు చెందిన 5 అంశాలు ఉంటాయి. మారని గతాన్ని, మారగల వర్తమానాన్ని విడదీయడం దాని విశిష్టత. అయితే ఇల్లు, తోడు, మందుల క్రమం వంటి భవిష్యత్ అంశాలు విశాఖలో చాలావరకు కుటుంబం చేతిలో ఉంటాయి. ఇంటివాళ్ళు తీసుకెళ్ళడానికి రాకపోతే, బాగుపడిన మనిషి కూడా వార్డులోనే ఉండిపోతాడు. అది రోగి ప్రమాదకరుడని చెప్పే లెక్క కాదు, సమాజం చోటివ్వలేదని చెప్పే లెక్క.

పోలీసుల చేతికి చిక్కిన మానసిక రోగిని లాకప్పులో గాని జైలులో గాని ఉంచకుండా, 24 గంటల లోపు సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలని 2017 చట్టంలోని 100వ సెక్షన్ చెబుతోంది. 2020 మేలో విశాఖ రోడ్డుపై ఒక ప్రభుత్వ వైద్యుణ్ణి చేతులు వెనక్కి కట్టి పోలీసులు తీసుకుపోయి, చివరకు మానసిక వైద్యశాలలో చేర్పించిన తీరుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. ఒక మనిషిని ఆసుపత్రిలో చేర్చడానికి వైద్యపరమైన కారణం ఏమిటో తొలి గంటలలోనే నిపుణుడి చేత రాతపూర్వకంగా నమోదు చేయించడం ఎంత ముఖ్యమో ఆ ఘటన చూపించింది.

పరిశోధనకు మిగిలిన పని

ఈ రంగంలో తెలుగులో ముందుగా కావలసినది కొలమానాల స్థానికీకరణ. నటన పరీక్షలు, ప్రమాద అంచనా సాధనాలు, పిల్లల వాంగ్మూల ప్రశ్నావళులు పాశ్చాత్య జనాభాపై రూపొందినవి. వాటిని అనువదిస్తే సరిపోదు, శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా బడి చదువు ఉన్నవారిపై, లేనివారిపై, ఆదివాసీ భాషలవారిపై వేర్వేరుగా ప్రయోగించి సగటులు తయారుచేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కొలతల సంప్రదాయం, ఆంధ్ర వైద్య కళాశాలకు రోగులు, న్యాయ విశ్వవిద్యాలయానికి తీర్పుల పరిశీలన ఉన్నాయి కాబట్టి, ఈ మూడూ కలిస్తే చేయదగ్గ పనే ఇది. చినవాల్తేరు కేస్ షీట్లను పేర్లు తొలగించి అధ్యయనం చేయగలిగితే, కోర్టు ఉత్తర్వుకూ పరీక్షకూ నివేదికకూ మధ్య ఎన్ని రోజులు గడుస్తున్నాయో, ఆ ఆలస్యం తీర్పును ఎలా మారుస్తోందో కూడా తేలుతుంది.

మరణశిక్ష కేసులలో ఈ ఆలస్యం ప్రాణాంతకం. శిక్షపడిన తరువాత తలెత్తిన తీవ్ర మానసిక వ్యాధి ఉరిని యావజ్జీవంగా మార్చడానికి కారణం కావచ్చని సుప్రీంకోర్టు 2019లో గుర్తించింది. 2022 మే 20న మనోజ్ కేసులో మరో అడుగు ముందుకు వేసి, మరణశిక్షకు అవకాశమున్న ప్రతి కేసులోనూ నిందితుడి మానసిక పరీక్ష నివేదికను ప్రభుత్వమే సెషన్స్ కోర్టు ముందుంచాలని, ఆ సమాచారాన్ని వీలైనంత వరకు ముందుగానే సేకరించి ఉంచుకోవాలని ఆదేశించింది. నేరానికి దగ్గరి కాలంలోని మనఃస్థితిని నమోదు చేసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టిన ఈ ఆదేశం అమలు కావాలంటే, ప్రతి జిల్లా కేంద్రంలో పరీక్షించగల క్లినికల్ సైకాలజిస్టు ఉండాలి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమపు బృందంలో ఆ పదవికి ఇప్పటికే చోటుంది. అక్కడ పనిచేసేవారికి న్యాయ నివేదికలు రాయడంలో, బోనులో నిలబడి క్రాస్ ఎగ్జామినేషన్‌కు సమాధానం చెప్పడంలో శిక్షణ ఇవ్వడం మిగిలి ఉంది.